ఊళ్ళో దిద్దిన గీత



ఎండలు ముదిరాయంటే మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ ముందు భారతం మొదలవుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధినాటకం. ఒకరోజు అర్జునుడు తపస్సుమాను ఎక్కుతాడు. ఆఖరిరోజున దుర్యోధన వధ. ఆ వధ కోసం గుడి దగ్గర మైదానంలో వెల్లకిలా పడుకున్న దుర్యోధనుణ్ణి మట్టితో చేస్తారు. ఒకప్పుడు ఎద్దులబండ్లతో, ఇప్పుడు ట్రాక్టర్లతో మట్టి తోలి గుట్టగా పోస్తారు. నీళ్ళు చల్లి, తొక్కి, పారతో చెక్కుకుంటూ పోతే కాళ్ళు, పొట్ట, భుజాలు తేలతాయి. తలకాయ దగ్గరికి వచ్చేసరికి పార పక్కన పెట్టేసి చేతులతోనే పని. కిరీటం, కోరమీసం, ఉరిమి చూసే కళ్ళు. ఆపైన సున్నం, కావి, పసుపు, మసి. తొడలో ఎర్రనీళ్ళ కుండ దాస్తారు. భీముడి వేషగాడు గద ఎత్తి ఆ తొడ పగలగొడితే ద్రౌపది వేషగాడు ఆ ఎరుపుతో జుట్టు తడిపి ముడి వేస్తాడు. సాయంత్రానికి అగ్నిగుండం. అంతటితో ఆ బొమ్మ మట్టిలో కలిసిపోతుంది. చేసినవాళ్ళ పేరు ఎక్కడా రాసి ఉండదు.

అక్కడ నిలబడి చూసే పదేళ్ళ పిల్లకాయ ఒక సంగతి పట్టుకుంటాడు. బొమ్మ పడుకుని ఉంది, చూసేవాళ్ళు నిలబడి ఉన్నారు. మామూలు కొలతల్లో చేస్తే ముక్కూ మీసమూ ఒంట్లో కలిసిపోయి ఎవరికీ కనబడవు. అందుకని వాటిని కావాలనే పెంచుతారు. చూసే కంటినిబట్టి కొలత మార్చుకోవాలన్నది చిత్రకళాశాలల్లో పుస్తకం పెట్టి చెప్పే పాఠం. మన పిల్లకాయకి ఆ పాఠం ఎండలో, మట్టివాసన మధ్య, ఎవరూ చెప్పకుండానే వచ్చేస్తుంది.

ఈరోజు నా ప్రసంగం ఆ పిల్లకాయ గురించే. అలాంటివి చూస్తూ పల్లెలో పెరిగినవాడు విశ్వవిద్యాలయంలో చిత్రకళ చెప్పే ఆచార్యుడయ్యే దాకా వెళ్ళాలంటే దారి ఎలా ఉంటుంది? ఆ దారిలో వాడు దేన్ని పోగొట్టుకోకూడదు? దీనికి తెలుగునేల మీద నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ లక్ష్మాగౌడ్ గారు. ఆయన మన జిల్లా మనిషి కాదు. అయినా ముందు ఆయన కథ చెప్పుకుందాం, తర్వాత మన ఊళ్ళకు వద్దాం.

కె. లక్ష్మాగౌడ్ గారు 1940 ఆగస్టు 21న అప్పటి మెదక్ జిల్లాలోని నిజాంపూర్‌లో పుట్టారు. నిజాం పాలన ఇంకా నడుస్తున్న రోజులు. చుట్టూ పొలాలు, మేకలమందలు, తలపాగా మగవాళ్ళు, చేతులనిండా పచ్చబొట్లున్న ఆడవాళ్ళు. తోలుబొమ్మలాట వాళ్ళు వచ్చేవాళ్ళు. మట్టిబొమ్మలకు, కుండలకు నగిషీలు దిద్దే చేతుల్ని దగ్గర కూర్చుని చూసేవాడు ఆ పిల్లవాడు. తర్వాత జీవితమంతా ఆయన గీసినవి దాదాపు ఇవే. ఆయన బొమ్మల్లో మేక ఎన్నిసార్లు కనబడుతుందో లెక్కపెట్టలేం. మేక ఒంటిమీద వెంట్రుకని ఒక్కొక్కటిగా గీయాలంటే మేకని చాలాకాలం దగ్గరగా చూసి ఉండాలి. ఊరికే ఫోటో చూసి గీస్తే ఆ గీత రాదు.

ఊరి నుంచి హైదరాబాదు వెళ్ళి అక్కడి ప్రభుత్వ చిత్రకళా కళాశాలలో చేరి 1963లో డిప్లొమా పూర్తి చేశారు. ఆ కళాశాలే తర్వాత జెఎన్‌టియులో చేరింది, 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. డిప్లొమా అయ్యాక రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బడోదా వెళ్ళారు. ఆ స్కాలర్‌షిప్ సంగతి నేను మళ్ళీ చెప్తాను, ఎందుకంటే ఈ కథలో అది చిన్న విషయం కాదు.

బడోదాలో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం 1950లో లలితకళల విభాగం పెట్టింది. స్వతంత్ర భారతంలో చిత్రకళని విశ్వవిద్యాలయ చదువుగా నిలబెట్టిన చోట్లలో అది మొదటి వరసలో ఉంటుంది. 1963 నుంచి 65 దాకా లక్ష్మాగౌడ్ గారు అక్కడ కుడ్యచిత్రం, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. గురువు కె.జి. సుబ్రమణ్యన్ గారు. కేరళలోని కూత్తుపరంబలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతూ క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళి, అక్కణ్ణుంచి శాంతినికేతనం చేరి, నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర చదువుకున్న మనిషి ఆయన. మట్టి పలకలతో గోడలు కట్టారు, చెక్కబొమ్మలు చేశారు, అద్దం వెనక బొమ్మలు వేశారు, మగ్గాల దగ్గర పనిచేశారు. కాన్వాసు మీద నూనెరంగుతో వేస్తేనే కళ, మిగతాదంతా చేతిపని అనే గోడని ఆయన తన పనితోనే పడగొట్టారు. పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి ఇంతకన్నా మంచి గురువు దొరకడు. నువ్వు చిన్నప్పుడు చూసిందేదీ తక్కువది కాదని ఆ గురువు చేస్తున్న పనే చెప్తుంది.

అక్కడ లక్ష్మాగౌడ్ గారి చేతికి దొరికింది ఎచింగ్. రేడియోలో బొమ్మ చూపించలేను గానీ పని చెప్పగలను. జింకు రేకు ఒకటి తీసుకుని దాని మీద మైనం కలిసిన పూత పూస్తారు. అది ఆరాక సూదితో గీస్తారు. సూది వెళ్ళిన చోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. ఆ రేకుని నత్రికామ్లం కలిపిన నీళ్ళలో ముంచుతారు. పూత ఉన్నచోట ఆమ్లానికి పనిలేదు, గీత ఉన్నచోట మాత్రం లోహాన్ని తింటుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, అంత నలుపు. మధ్యలో తీసి కొన్ని గీతలకు పూత అడ్డుపెట్టి మళ్ళీ ముంచితే ఒకే బొమ్మలో వెంట్రుకవాసి గీతా ఉంటుంది, తాడు మందం గీతా ఉంటుంది. తర్వాత పూత కడిగేసి, గాళ్ళలోకి సిరా రుద్ది, పైపైన తుడిచి, తడిపిన కాగితం పరిచి రోలర్ కింద నొక్కితే బొమ్మ కుడి ఎడమలు మారి కాగితం మీదికి వస్తుంది. చెయ్యి ఎంత చురుకైనా ఈ పనిలో తొందర చెల్లదు. చెయ్యి గీసినదానికి ఆమ్లం ఇచ్చే జవాబు కోసం కాచుకుని కూర్చోవాలి.

చదువయ్యాక ఆయన మళ్ళీ నిజాంపూర్ మొహం చూశారు. నన్ను అడిగితే ఈ కథలో అసలు మలుపు బడోదాకి వెళ్ళడం కాదు, బడోదా నుంచి తిరిగి రావడం. చిన్నప్పుడు అలవాటుగా చూసిన ఊరిని చదువుకున్న కళ్ళతో చూశారు. పట్నంలో పరువు పేరుతో దాచిపెట్టే మాటలు ఊళ్ళో బావిగట్టు దగ్గర పకపక నవ్వుతూ మాట్లాడుకోవడం విన్నారు. మనిషి ఒళ్ళు, పశువు ఒళ్ళు, చెట్టు మాను అన్నీ ఒకే ప్రాణంతో కదులుతున్నట్టు గీశారు. అరవైల చివర, డెబ్బైల్లో ఆయన నలుపు తెలుపుల్లో గీసిన బొమ్మల్లో ఆడామగా మధ్య ఆకర్షణ దాపరికం లేకుండా ఉంటుంది. చూసి ఉలిక్కిపడ్డవాళ్ళున్నారు. ఇప్పటికీ ఉంటారు.

తిరుపతి వాళ్ళం మనం మాత్రం ఉలిక్కిపడాల్సిన పని లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర మనకి తెలుసు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. వారం రోజులు వేషాలతో ఊరు ఊరంతా మారిపోతుంది. మీసాలున్న మగవాళ్ళు చీరకట్టి, పూలు పెట్టుకుని, అమ్మకి మొక్కుకుంటారు. మామూలు రోజుల్లో నోటివెంట రాని మాట ఆ వారం అమ్మ పేరు చెప్పి వస్తుంది, ఎవరూ తప్పుపట్టరు. ఆఖరున అమ్మ విశ్వరూపాన్ని మట్టితో చేసి, తెల్లవారుజామున ఆ చెంప తొలగిస్తారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. భక్తి, భయం, హాస్యం, ఒళ్ళు, మట్టి అన్నీ ఒక్కచోట కలిసి ఉండటం పల్లె మనసు. లక్ష్మాగౌడ్ గారి బొమ్మల్లో కనిపించేది అదే. మన జాతర చూసిన కళ్ళకి ఆ బొమ్మలు పరాయివి కావు.

విశ్వరూపం అన్నాను గనక ఇంకొకరి పేరు కూడా ఇక్కడే చెప్తాను. శిల్పి జి. రవీందర్‌రెడ్డి గారు. 1956లో సూర్యాపేటలో పుట్టారు, బడోదాలో చదివారు, తర్వాత లండన్ వెళ్ళి చదివారు, 1990 నుంచి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించారు. ఆయన చేసే స్త్రీల తలలు మనిషికి మించిన ఎత్తు ఉంటాయి. విప్పారిన కళ్ళు, చుట్టిన కొప్పు, కొప్పులో పూలు, ఒంటికి బంగారు రేకు. ఫైబర్‌గ్లాస్‌తో చేస్తారు. ఆ కళ్ళు నేరుగా మనని చూస్తాయి, రెప్పవేయవు. మన గ్రామదేవతల కళ్ళు చూసి పెరిగినవాళ్ళకి ఆ చూపు ఎక్కడిదో వెంటనే తెలిసిపోతుంది. దేశదేశాల ప్రదర్శనశాలల్లో ఆ తలలు నిలబడ్డాయి.

మళ్ళీ లక్ష్మాగౌడ్ గారి దగ్గరికి వస్తాను. కొంతకాలం దూరదర్శన్‌లో గ్రాఫిక్ కళాకారుడిగా ఉద్యోగం చేశారు. 1988లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం సరోజినీ నాయుడు పేరుతో కళల విభాగం తెరిచింది. ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే మొదట ఆ తరగతులు నడిచాయి. ఆయన అక్కడ ఆచార్యుడయ్యారు, ఆ విభాగానికి డీన్‌గానూ పనిచేశారు. 2001లో పదవీ విరమణ. 2016లో పద్మశ్రీ వచ్చింది. పాఠం చెప్పే రోజుల్లోనూ, ఆ తర్వాతా ఆయన సొంత పని ఆగలేదు. రేకు మీద ఎచింగ్ నుంచి నీటిరంగులకు, పాస్టెల్‌కు, అక్కణ్ణుంచి కాల్చిన మట్టికి, సిరామిక్‌కు, కంచుకు వెళ్ళారు. చిన్నప్పుడు ఊళ్ళో చూసిన మట్టిపనికి అరవై దాటాక కూడా ప్రేమగా చేతులు కలిపారు.

చిత్రకళ చెప్పే ఆచార్యుడికి ఇది చాలా అవసరమని నా గట్టి నమ్మకం. మిగతా చదువుల్లో పాఠం చెప్పడం ఒకటి, సొంత పని ఒకటి. ఇక్కడ అలా కుదరదు. గురువు స్టూడియోలో సగం గీసి ఆపిన బొమ్మే శిష్యుడికి పెద్ద పాఠం. ఎక్కడ ఆపాడు, ఏది చెరిపాడు, ఏ గీత మళ్ళీ దిద్దాడు అన్నది చూసి నేర్చుకుంటాడు. పల్లె నుంచి వచ్చిన శిష్యుడైతే ఇంకోటి కూడా చూస్తాడు. ఈ ఆచార్యుడు తన ఊరిని దాచుకోలేదు, దాన్నే గీశాడు, అయినా లోకం మర్యాద ఇచ్చింది. అంటే నా ఊరిని కూడా నేను గీయవచ్చు. ఆ ధైర్యం ఏ సిలబస్సులోనూ ఉండదు.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం.

మనకీ ఒక పేరుంది. కె. శ్రీనివాసులు గారు. 1923లో మద్రాసులో పుట్టినా చిన్నతనం గడిచింది మన నాగలాపురంలో. శ్రీకృష్ణదేవరాయల తల్లి నాగలాంబ పేరు మీద వెలసిన ఊరు అది. వేదనారాయణస్వామి గుడి ఉన్న ఊరు, ఏటా కొన్ని రోజులు పొద్దువాలే వేళ సూర్యకిరణాలు గాలిగోపురం దాటి మూలవిరాట్టు మీద పడే ఊరు. రాతిమీద వెలుగు ఎలా నడుస్తుందో చూడటానికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది? శ్రీనివాసులు గారు మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారి దగ్గర చదివారు. తర్వాత అడయారులో కళాక్షేత్ర ప్రాంగణంలో ఏళ్ళ తరబడి పిల్లలకు బొమ్మలు నేర్పారు. ఆయన బొమ్మల్లో లావైన నల్లగీత, చదునుగా పరిచిన రంగు, పెద్దపెద్ద కళ్ళు. పల్లెటూరి ఆడవాళ్ళు, ఎద్దులు, సన్నాయి మేళాలు. లేపాక్షి గోడబొమ్మల గీత, తిరునాళ్ళలో అమ్మే కొయ్యబొమ్మల రంగు రెండూ ఆయన చేతిలో ఒకటయ్యాయి.

శ్రీనివాసులు గారి తరానికి మద్రాసు దగ్గర. తిరుపతి నుంచి 150 కిలోమీటర్ల లోపే. చిత్తూరు, తిరుపతి వాళ్ళకి ఆసుపత్రి, కోర్టు, కాలేజీ అన్నీ మద్రాసే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడ్డాక మద్రాసు పొరుగు రాష్ట్రమైంది. 1956లో రాజధాని హైదరాబాదుకు మారింది. మన పిల్లలకు ప్రభుత్వ చిత్రకళాశాల 550 కిలోమీటర్ల దూరం జరిగింది. కోస్తాలో రాజమండ్రికి బొమ్మలు నేర్పిన ఆస్వాల్డ్ కూల్డ్రే ఉన్నాడు, అక్కడే చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టాడు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ పాఠం చెప్పాడు, అడివి బాపిరాజు గారి లాంటివాళ్ళు అక్కణ్ణుంచి వచ్చారు. సీమలో అలాంటి కేంద్రం చాలాకాలం లేకపోయింది. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి మదనపల్లెలో ఉన్నప్పుడు అక్కడి కళాశాల ప్రిన్సిపాల్‌గా జేమ్స్ కజిన్స్ అనే కళా విమర్శకుడే ఉన్నాడు. జనగణమనకి ఇంగ్లీషు అనువాదం అక్కడే జరిగింది. అంతటి చోట ఒక చిత్రకళాశాల కూడా మొలకెత్తి ఉంటే సీమ కథ వేరుగా ఉండేదని నాకు ఇప్పటికీ మనసులో బాధ.

కళాశాల లేకపోయినా కళ లేకపోలేదు. పలమనేరు దగ్గర కాల్చిన మట్టిబొమ్మలున్నాయి. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కే కుటుంబాలున్నాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ ఉంది. కలంకారీ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను ఇందాక చెప్పిన ఎచింగ్ పాఠం అక్కడ స్వర్ణముఖి ఒడ్డున తరతరాలుగా వేరే రూపంలో నడుస్తోంది.

ముతక నూలు గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. పాలలో ఉన్న జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. చింతబరికె కాల్చిన బొగ్గుతో తేలికగా గీస్తారు. ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి వారాల తరబడి పులియబెడితే వచ్చేది కసిం. వెదురుపుల్ల కలానికి ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగించి, కసింలో ముంచి, వేళ్ళతో ఆ చుట్టను నొక్కుతూ గీస్తారు. కలంలో ఉన్నప్పుడు ఆ నీళ్ళలో పెద్ద నలుపు కనబడదు. కరక్కాయ ఎక్కిన గుడ్డను తాకగానే గీత నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, మంజిష్ఠ, చిరివేరు లాంటివి వేసి ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. ఆపైన పారే నీళ్ళలో జాడించడం, ఇసుకలో ఆరేయడం, మళ్ళీ పాలలో ముంచడం, మళ్ళీ రంగు. జింకు రేకు మీద ఆమ్లం ఎలా జవాబిస్తుందో, ఈ గుడ్డమీద కరక్కాయ, పటిక అలా జవాబిస్తాయి. ఇది విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల పెట్టి చెప్పాల్సిన విద్య. 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టాకే ఆరిపోబోయే ఈ దీపం నిలబడింది. అక్కడి కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

నా మనసులో ఉన్న మాట ఇక్కడ చెప్పేస్తాను. మన దగ్గర పల్లె నుంచి విశ్వవిద్యాలయానికి దారి ఒకవైపే నడుస్తోంది. పిల్లవాడు ఊరు వదిలి అక్కడికి పోవాలి. అక్కడి నుంచి గురువులు ఊరికి రారు, ఊరి గురువులు అక్కడికి పోరు. నందలాల్ బోస్ ఏం చేశారు? 1927లో జైపూర్ నుంచి నర్సింగ్‌లాల్ అనే మేస్త్రీని శాంతినికేతనానికి పిలిపించుకున్నారు. తడిగోడ మీద చిత్రం వేసే రాజస్థానీ పద్ధతిని ఆయన చేతి నుంచి విద్యార్థులతోపాటు తానూ నేర్చుకున్నారు. ఆచార్యుడు మేస్త్రీ పక్కన కూర్చుని సున్నం కలపడం నేర్చుకుంటే ఆచార్యుడి గౌరవం తగ్గలేదు. కలంకారీ పని చేసే పెద్దమనిషిని ఏడాదికోసారి రెండు రోజుల వర్క్‌షాపుకి పిలిచి శాలువా కప్పి పంపడంతో ఈ పని జరగదు. ఆయన నెలల తరబడి అక్కడే ఉండాలి. కరక్కాయ నీళ్ళు ఎప్పుడు చిక్కబడ్డాయో, కసిం ఎప్పుడు పండిందో వాసన చూసి చెప్పడం రెండు రోజుల్లో వచ్చేది కాదు. డిగ్రీ లేదన్న కారణం చూపి ఆయన్ని గేటు బయట ఉంచితే నష్టపోయేది గేటు లోపలివాళ్ళే.

ఉన్న దారిని కూడా మనం సరిగా చూపించడం లేదు. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు అనే మనిషి ఈ మొత్తం దారికి మొదటి మెట్టు. లక్ష్మాగౌడ్ గారికి స్కాలర్‌షిప్ రాకపోయి ఉంటే బడోదా లేదు. మన పిల్లవాడికి డ్రాయింగ్ మాస్టారు లేకపోతే అసలు బడోదా అనే ఊరుందన్న సంగతే తెలియదు. ఆ పోస్టు ఖాళీ పడితే భర్తీ గురించి లెక్కల మాస్టారు పోస్టుకి అడిగినంత గట్టిగా ఊళ్ళో ఎవరమూ అడగం. డ్రాయింగ్ పీరియడ్ వస్తే ఇంకో సబ్జెక్టు వాళ్ళు తీసేసుకుంటారు. నేను చిన్నప్పుడు చదివిన బడిలోనూ అదే జరిగేది, ఇప్పటికీ చాలాచోట్ల అదే జరుగుతోంది. పిల్లలు నోరెత్తలేరు గనక పెద్దవాళ్ళం మనం అడగాలి.

తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే. బొమ్మలేస్తే బతుకు నడుస్తుందా అని. ఇది న్యాయమైన ప్రశ్నే, కోప్పడాల్సిన పని లేదు. తెలిసింది చెప్తాను. పదో తరగతి అయిన పిల్లలకు తిరుపతిలోనే తిరుమల తిరుపతి దేవస్థానం 1960 నుంచి నడిపిస్తున్న సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. గుడి కట్టడం, రాయి చెక్కడం, సుధ పని, లోహం పోత, కొయ్య చెక్కడం, సంప్రదాయ చిత్రలేఖనం అక్కడ నేర్పుతారు. కలంకారీ కూడా నేర్పుతారు. దేశంలోనూ బయటి దేశాల్లోనూ కొత్త గుళ్ళు కడుతున్నంతకాలం ఆ పనికి పిలుపు ఉంటుంది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, 42 రోజుల వేసవి శిక్షణ పూర్తిచేసినవాళ్ళు డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు. ఇంటర్ అయ్యాక బీఎఫ్‌ఏ నాలుగేళ్ళ చదువు. దానికి ఇప్పుడు హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కి ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం వచ్చింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఆపైన ఎంఎఫ్‌ఏ చేసి, నెట్ పాసైతే అధ్యాపక ఉద్యోగానికి అర్హత. డిగ్రీ ఉండి, తన పనికి పేరున్న వృత్తి కళాకారుడు అధ్యాపకుడయ్యే వీలు కూడా యూజీసీ నిబంధనల్లో ఉంది. కాళహస్తి కుటుంబాల పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో నేర్చిన విద్యకు డిగ్రీ తోడైతే మీరు ఆ తరగతి గదిలో శిష్యులుగానే కాదు, గురువులుగానూ అడుగుపెట్టవచ్చు.

సినిమా, యానిమేషన్, బట్టల డిజైన్ కూడా ఉన్నాయి. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, ఊరూరా తిరిగే నాటకాల వాళ్ళని చూస్తూ పెరిగిన తోట వైకుంఠం గారు చిత్రకారుడిగా పేరు తెచ్చుకుంటూనే 'దాసి' సినిమాకి కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు. ఒకప్పుడు పిల్లలకు బొమ్మలు నేర్పిన మాస్టారే ఆయన కూడా. ఆయన గీసే ఎర్రబొట్టు ఆడవాళ్ళని తెలుగు ఇళ్ళలో ఇప్పుడు గుర్తుపట్టనివాళ్ళు తక్కువ.

ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షలో ఎదురుగా పెట్టిన వస్తువుని చూసి గీయమంటారు, జ్ఞాపకం నుంచి ఒక సన్నివేశం గీయమంటారు. జ్ఞాపకం నుంచి గీయమన్నప్పుడు ఎక్కువమంది పిల్లలు కొండలు, మధ్యలో సూర్యుడు, కొబ్బరిచెట్టు గీస్తారు. తాము ఎన్నడూ చూడని చోటు అది. ఈ ఏడాది ఇంటర్ చదివే పిల్లలెవరైనా ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళకి ఒక్కటే చెప్తాను. ఒక నోటుబుక్కు కొనుక్కోండి, రెండు పెన్సిళ్ళు చాలు. మీ ఇంటి వసారాలో చెనక్కాయలు ఒలిచే మీ అవ్వ చేతుల్ని గీయండి. వాలిన భుజాన్ని, ముడతల్ని, చేటని, చేట పక్కన పొట్టు కుప్పని గీయండి. పది రోజులు అదే గీయండి. పరీక్ష గదిలో జ్ఞాపకం నుంచి గీయమన్నప్పుడు ఆ చేతులే గీయండి. మార్కులు వేసేవాళ్ళకి చూసి గీసిన గీత ఏదో, ఊహించి గీసింది ఏదో తెలుస్తుంది. సీటు దొరికాక హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్కుని పెట్టెలో పెట్టుకుని వెళ్ళండి.